వారెంటు మీద రెండో సంతకం

చెన్నై కోర్టు ఇచ్చిన వారెంటు పట్టుకుని ఓ ఎస్సై తిరుపతిలో దిగాడనుకోండి. నేరుగా వెళ్లి నిందితుడి తలుపు తట్టడం మామూలు పద్ధతి కాదు. ముందు స్థానిక స్టేషన్‌కు వెళ్లాలి. అక్కడి స్టేషన్ అధికారో, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో వారెంటు మీద సంతకం పెట్టాలి. అది పడితే, అడిగినప్పుడు సాయం చేయడం స్థానిక పోలీసుల విధి అవుతుంది. ఈలోగా మనిషి జారిపోతాడనిపిస్తే సంతకం లేకుండానే పట్టుకోవచ్చు. అంత వెసులుబాటు ఇచ్చాక ఇక సంతకం ఎందుకని అడిగే పోలీసులూ ఉంటారు.

ఈ ఏర్పాటు ఇంగ్లండు నుంచి వచ్చింది. 18వ శతాబ్దంలో అక్కడ ఒక కౌంటీ వారెంటు పక్క కౌంటీలో చెల్లాలంటే, అక్కడి మేజిస్ట్రేటు దాని వెనక సంతకం చేయాలి. మన దగ్గర 1861 నాటి మొదటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మఫస్సలు కోర్టులకే వర్తించేది. మద్రాసు నగరం పద్ధతి వేరు. రెంటినీ ఒకే కోడ్ కిందికి తెచ్చింది 1882లో. 1898 కోడ్‌లోని 82–86 సెక్షన్లు 1973లో 77–81 అయ్యాయి. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 79–83. అంకెలు మారినంతగా మాటలు మారలేదు.

మారినవి పొలిమేరలు. 1911 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లావే; జిల్లా మేజిస్ట్రేటు చిత్తూరులోనే ఉండేవాడు. ఆ రోజుతో వేలూరు పరాయి జిల్లా అయింది. 1960లో తిరుత్తణి కూడా మద్రాసు రాష్ట్రానికి పోయింది. అయితే అసలు చిక్కు పడమటి వైపు ఉండేది. పలమనేరు దాటి ముళబాగిలు చేరితే మైసూరు సంస్థానం. చిత్తూరు వారెంటు అక్కడ ఉత్త కాగితం. రెండు ప్రభుత్వాల మధ్య అప్పగింత తతంగం నడవాల్సిందే. 1951లో కోడ్ అక్కడికీ విస్తరించాకే ఆ గోడ కూలింది.

అరెస్టు తర్వాత? జిల్లా బయట పట్టుబడిన మనిషిని అక్కడి మేజిస్ట్రేటు ముందో, పోలీసు సూపరింటెండెంటు ముందో నిలబెట్టాలి. వారెంటు ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు ఉంటే అక్కర్లేదు. 1898లో ఇది 20 మైళ్లు; మెట్రిక్ లెక్కలో రెండు కిలోమీటర్లు తరిగింది. తిరుపతి నుంచి చెన్నై దానికి నాలుగు రెట్ల పైమాటే.

కొత్త సంహిత చేర్చిన ఒక్క ముక్క నా దృష్టిలో మిగతా వాటన్నిటికంటే విలువైనది: అరెస్టు సంగతి, మనిషిని ఎక్కడ ఉంచారన్నదీ ఆ జిల్లాలోని నియమిత పోలీసు అధికారికి, అతని సొంత జిల్లా అధికారికి కూడా వెంటనే తెలపాలి. వేలూరులో పట్టుబడిన కుప్పం మనిషి ఎక్కడున్నాడో అతని ఇంటివాళ్లు ఇక చిత్తూరు జిల్లాలోనే అడిగి తెలుసుకోవచ్చు.