ప్రవక్తలు చూచిన బలి

ప్రాచీన హెబ్రీయులకు సమాధానబలి యొక విందు. క్రొవ్వు బలిపీఠముపై దహింపబడును. మాంసమును బలి యిచ్చినవాడు అతిథులతో గూడి భుజించును. క్రీ. పూ. 7వ శతాబ్దమున, యోషీయా పాలనాకాలమున, జెఫన్యా ప్రవక్త ఈ పరిచిత దృశ్యమునే తలక్రిందులు చేసెను. యెహోవాయే బలి సిద్ధపరచి అతిథులను పిలిచెనట! బలిపశువు యూదా రాజ్యమే. ముందుగా దండింపబడువారు అధిపతులు, రాజకుమారులు, మోసముతో ఇండ్లు నింపుకొన్నవారు.

యెషయా గ్రంథమున ఆ బలి ఎదోము నగరమగు బొస్రాలో జరుగును. యెహెజ్కేలు గ్రంథమున విందునకు పక్షులు, మృగములు వచ్చును. అవి శత్రువులకు చెప్పిన తీర్పులు. స్వజనమునకే చెప్పుట జెఫన్యా సాహసము. క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోను సైన్యము యెరూషలేము దేవాలయమును దహించెను. బలిపీఠము కూలినది, అన్యాయమునకు బలి పరిహారము కాజాలదన్న ఆ ప్రవక్తల హెచ్చరిక నిలిచినది.