ఉత్తరాంధ్ర రైలు మార్గాల్లో విద్యుదయస్కాంత అంతరాయం, ఎర్తింగ్

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగా సాగే రైలు మార్గాల్లో ఇంజిన్లకు 25 కిలోవోల్టుల కరెంటు అందుతుంది. ఆ కరెంటు పక్కనున్న టెలిఫోన్, సిగ్నల్ తీగల్లో రేపే అలజడే విద్యుదయస్కాంత అంతరాయం. దాన్ని అణచడానికి పట్టాలను, స్తంభాలను, కేబుళ్ల తొడుగులను, ఇంజిన్ ఇరుసులను ఒకదానితో ఒకటి కలిపి నేలకు దించే పనిని ఎర్తింగ్ అంటారు. హైబ్రిడ్ కార్ల విద్యుత్ డ్రైవ్‌లలో నేటి ఇంజనీర్లు ఎదుర్కొంటున్న సమస్యకు ఈ ప్రాంతంలో పాతదీ పెద్దదీ అయిన రూపం ఇదే.

ఆవిరి కాలం

కటక్–బెజవాడ తీర మార్గం 1893–1896 మధ్య తెరుచుకుంది. విజయనగరం నుంచి పార్వతీపురం వైపు వేసిన శాఖ 1931లో రాయపూర్ దాకా పూర్తయింది. ఆ రోజుల్లో తంతికి ఒక్క తీగే ఉండేది, తిరుగుదారి నేలే. ఆవిరి ఇంజిన్ వల్ల ఆ తీగకు ఇబ్బంది ఉండేది కాదు.

25 కిలోవోల్టుల రాక

ఫ్రాన్సులో 1950 దశకంలో జరిగిన ప్రయోగాల తర్వాత భారతీయ రైల్వే 1957లో 25 కిలోవోల్టుల ఏకదశ ఏసీ పద్ధతిని ఎంచుకుంది. దశాబ్దం ముగిసేసరికి ఆగ్నేయ రైల్వేలోని రాజ్‌ఖర్సావాన్ ప్రాంతంలో అది అమల్లోకి వచ్చింది. ఉత్తరాంధ్రలోని వాల్తేరు డివిజన్ కూడా 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా ఆ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది.

ఉత్తరాంధ్రలో ఈ పద్ధతికి తొలి గట్టి పరీక్ష కొత్తవలస–కిరండోల్ మార్గం. దండకారణ్య–బొలాంగీర్–కిరిబూరు ప్రాజెక్టులో భాగంగా, బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కు పంపేందుకు 1960 దశకంలో దీన్ని వేశారు. పొడవు సుమారు 446 కిలోమీటర్లు, సొరంగాలు 58. విజయనగరం జిల్లాలోని కొత్తవలస నుంచి లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కి, శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు చేరుతుంది. బరువైన ఖనిజం బండ్లు నడిచే ఈ దారిని 1980 దశకం ఆరంభంలో విద్యుదీకరించారు. ఇంత కష్టమైన భూభాగంలో ఆ పని నెరవేర్చడం మెచ్చదగిన ఘనత.

ఏకదశ పద్ధతిలో కరెంటు పై తీగలో వస్తుంది, ఇంజిన్ గుండా దిగి పట్టాల వెంట సబ్‌స్టేషన్‌కు తిరిగి వెళ్తుంది. పట్టాలు నేలకు తగిలే ఉంటాయి కనుక కొంత కరెంటు మట్టిలోకి జారుతుంది. పై తీగకూ నేలకూ మధ్య ఏర్పడే ఈ విశాలమైన చుట్టులోని అయస్కాంత క్షేత్రం పక్కన సమాంతరంగా నడిచే ఏ లోహపు తీగలోనైనా వోల్టేజీని ప్రేరేపిస్తుంది. టెలిఫోన్, తంతి ప్రమాణాల అంతర్జాతీయ కమిటీ సీసీఐటీటీ మార్గదర్శకాల ప్రకారం టెలిఫోన్ తీగల్లో ఈ వోల్టేజీ మామూలుగా 60, షార్ట్ సర్క్యూట్ క్షణంలో 430 వోల్టులు దాటకూడదు. విద్యుత్ లైన్లకూ టెలిఫోన్ లైన్లకూ మధ్య ఈ తగవులు తీర్చేందుకు మనదేశంలో 1949లోనే పీటీసీసీ అనే సమన్వయ కమిటీ ఏర్పడింది.

మట్టిలోకి జారిన కరెంటు ఎంత లోతున ప్రవహిస్తుందో 1926లో కార్సన్ అనే ఇంజనీర్ వేసిన లెక్క చెబుతుంది. నేల విశిష్ట నిరోధం 100 ఓమ్-మీటర్లయితే, 50 హెర్ట్జ్ దగ్గర ఆ లోతు దాదాపు 930 మీటర్లు. నిరోధం 1000కి పెరిగితే దాదాపు మూడు కిలోమీటర్లు. తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లలో కరెంటు అంత తేలిగ్గా పారదు. అందుకే ఘాట్‌లో చుట్టు విశాలమై, ప్రేరణ దూరం దాకా పాకుతుంది. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడి ఉప్పునేల కరెంటును చక్కగా మోస్తుంది కానీ నాటిన ఇనుప గొట్టాన్ని త్వరగా తినేస్తుంది. ఒకే డివిజన్‌లో ఈ రెండు నేలలూ ఎదురవడం వల్ల ఎర్తింగ్ సిబ్బందికి రెండు రకాల నేర్పు కావలసివచ్చింది.

ఆచరణలో పని ఇలా సాగుతుంది. ప్రతి స్తంభాన్నీ బాండ్ అనే లోహపు అతుకుతో పట్టాకు కలుపుతారు లేదా విడిగా ఎర్త్ చేస్తారు. ఎర్త్ గోతిలో గాల్వనైజ్డ్ గొట్టం దించి చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి తడుపుతారు. పట్టా అతుకుల దగ్గర బాండ్ తెగితే తిరుగు కరెంటు దారి తప్పి మట్టిలోకి మళ్లుతుంది, అలజడి అక్కడే మొదలవుతుంది. పట్టాల వెంట నడుస్తూ ఈ బాండ్లను చూసుకునే సిబ్బంది శ్రమకు చరిత్రలో తగిన చోటు దక్కలేదు. అవసరమైన చోట్ల సుమారు 2.66 కిలోమీటర్లకొక బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, తిరుగు కరెంటును మట్టిలోంచి లాగి పైనున్న వేరే తీగలోకి మళ్లించే పద్ధతి కూడా ఉంది. పాత తంతి తీగల స్థానంలో లోహపు తొడుగున్న భూగర్భ కేబుళ్లు వేసి తొడుగుకు ఎర్త్ ఇస్తారు. అప్పుడు ఆ తొడుగులో పారే కరెంటు లోపలి తీగలను కాపాడుతుంది.

ఘాట్ మార్గం తర్వాత తీర మార్గం వంతు వచ్చింది. ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, చీపురుపల్లి, విజయనగరం మీదుగా సాగే హౌరా–చెన్నై ప్రధాన మార్గం 2005 నాటికి పూర్తిగా విద్యుదీకరణ అయింది.

త్రిదశ ఇంజిన్లు, హైబ్రిడ్ కార్లు

1990 దశకం మధ్యలో ఏబీబీ కంపెనీ నుంచి వచ్చి, తర్వాత చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యుఏజీ-9 వంటి ఇంజిన్లు సమస్య తీరునే మార్చాయి. 6,120 అశ్వశక్తి గల ఈ ఇంజిన్‌లో సెమీకండక్టర్ స్విచ్‌లు కరెంటును క్షణక్షణం తెంచి కలుపుతూ త్రిదశ మోటార్లను నడుపుతాయి. ఆ తెంపుల నుంచి పుట్టే హార్మోనిక్స్ ఆడియో ఫ్రీక్వెన్సీ ట్రాక్ సర్క్యూట్ల పరిధిలోకి చొరబడితే పట్టాపై బండి ఉందో లేదో చెప్పే సిగ్నల్ తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. అందువల్ల ఇంజిన్ విడుదల చేసే అంతరాయ కరెంటుకు పరిమితులు విధించారు. బేరింగుల గుండా కరెంటు పోకుండా ఇరుసు చివర ఎర్త్ బ్రష్‌లు అమర్చారు. ఇలాంటి ఇంజిన్లు ఘాట్ దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా మార్చి కరెంటును తిరిగి పై తీగకు ఇవ్వగలవు. హైబ్రిడ్ కారు బ్రేకు వేసినప్పుడు బ్యాటరీకి చేసేది కూడా ఈ పనే.

1997లో టయోటా ప్రియస్‌తో ఇలాంటి విద్యుత్ డ్రైవ్ భారీ ఎత్తున తయారయ్యే హైబ్రిడ్ కారులోకి చేరింది. ఇక్కడ ఎర్తింగ్ అమరిక భిన్నం. రైలులో పట్టాయే తిరుగుదారి. కారులో అధిక వోల్టేజీ బ్యాటరీ రెండు కొసలనూ ఛాసిస్‌కు తగలకుండా వేరుగా ఉంచుతారు. ఇన్వర్టర్ పెట్టెను, నారింజ రంగు కేబుళ్ల జాలీ తొడుగును మాత్రం ఛాసిస్‌కు చుట్టూ బిగుతుగా కలుపుతారు. చిన్న కెపాసిటర్ల ద్వారా హై ఫ్రీక్వెన్సీ కరెంటు పుట్టినచోటికే తిరిగి చేరుతుంది. తొడుగును ఒక సన్నని తీగతో మాత్రమే కలిపితే ఆ తీగే యాంటెనాలా పనిచేసి రేడియోలో రొద పెడుతుంది. మనదేశంలో వాహనాల ఈ గుణాన్ని ఏఐఎస్-004 మూడో భాగం ప్రకారం పరీక్షిస్తారు.