ఇంజిను మారినా బండి అదేనా?

పోయిన నెల హొసూరు పెద్దత్త ఫోన్ చేసి, "ఇంటిదేవుడి గురించి రాస్తివి, వంటల గురించి రాస్తివి, మీ చిన్నతాత గ్యారేజీ గురించి ఎప్పుడు రాస్తావురా?" అని అడిగింది. మరిచిపోలేదు అత్తా. రాయడానికి సిగ్గయి ఊరకుండినాను.

బెంగుళూరు జేసీ రోడ్డు పక్క సందులో చిన్నతాత గ్యారేజీ మన పెద్దవాళ్ళందరికీ గుర్తుంటుంది. ఆయన బల్లమీద, గాజు కింద ఒక ఫోటో ఉండేది. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగిన కారు రేసుల్లో తీసింది. బనీను వేసుకొని కుర్రవాడు చిన్నతాత, పక్కన పైకప్పు లేని చిన్న రేసు బండి. "ఇది ఫారిన్‌లో పరుగెత్తిన బండి. దీని ఇంజిను నా చేతులతో దించినాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. మేము పిల్లలం నవ్వుకునేవాళ్ళం.

ఆయన పోయినాక గ్యారేజీ ఖాళీ చేసినప్పుడు పాత బిల్లులు, నోటుపుస్తకాలు, ఏవో ఆర్‌సీ బుక్కులు మూడు గోనెసంచుల నిండా వచ్చినాయి. గుజరీ అంగడివాడు కిలోకు 12 రూపాయలు ఇచ్చినాడు. సంచులు ఎత్తి ఆటోలో వేసింది నేనే. ఫోటో ఒక్కటి అమ్మ తీసి పెట్టుకుంది.

ఆ ఫోటోలో బండి ఏది అని కనుక్కుందామని నేను చదవడం మొదలుపెట్టినాను. చదివేకొద్దీ, ఆ రోజు ఆటోలో వేసింది ఏమిటో అర్థమైంది. ఈ వ్యాసం దాని గురించే. నాది కన్నడ మీడియం చదువు, తెలుగు అక్షరాలు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి.

పాత రేసు బండ్ల లోకంలో అన్నిటికన్నా పేరుమోసిన తగవు ఇంగ్లండులో ఒక బెంట్లీ కారు మీద జరిగింది. దాని ముద్దుపేరు 'ఓల్డ్ నంబర్ వన్'. స్పీడ్ సిక్స్ మోడల్, ఆరు సిలిండర్లు, ఆరున్నర లీటర్ల ఇంజిను, ఛాసిస్ నంబరు ఎల్‌బీ 2332. ఫ్రాన్సులో ల మాన్ ఊరి దగ్గర 24 గంటలు ఆగకుండా జరిగే రేసును 1929లో గెలిచింది, 1930లో మళ్ళీ గెలిచింది. మొదటిసారి నడిపింది వుల్ఫ్ బర్నాటో, టిమ్ బర్కిన్. రెండోసారి బర్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్. ఈ బర్నాటో తండ్రి దక్షిణాఫ్రికా కింబర్లీ వజ్రాల గనుల్లో సంపాదించినవాడు. ఆ డబ్బుతోనే కొడుకు బెంట్లీ కంపెనీని కొంతకాలం నిలబెట్టినాడు. అయినా 1931లో కంపెనీ మునిగి రోల్స్ రాయిస్ చేతికి పోయింది.

కంపెనీ పోయినా బండి పరుగు ఆగలేదు. 1931లో లండన్ దగ్గర బ్రూక్‌లండ్స్ ట్రాకు మీద 500 మైళ్ళ రేసు గెలిచింది. 1932లో దానికి 8 లీటర్ల పెద్ద ఇంజిను పెట్టి అదే రేసుకు మళ్ళీ దించినారు. బ్రూక్‌లండ్స్ ట్రాకు మలుపుల దగ్గర గోడమాదిరి పైకి లేచి ఉంటుంది. ఆ రోజు నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ ఆ గట్టు అంచు దాటి బండితో సహా అవతల పడి చనిపోయినాడు. తరువాత బర్నాటో దాన్ని బాగుచేయించి, రోడ్డు మీద తిరిగే మూతబండిగా మార్పించుకున్నాడు. ఆపైన చేతులు మారి, చాలా ఏండ్లకు ఒక యజమాని దాన్ని మళ్ళీ రేసు రూపానికి తెచ్చినాడు.

1990 ఏప్రిల్‌లో ఆ యజమాని దాన్ని ఒక కంపెనీకి కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. కొనేవాళ్ళు తరువాత అడ్డం తిరిగినారు. "ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కాదు, అందులో సామాను ఏదీ అప్పటిది కాదు" అన్నారు. తగవు లండన్ హైకోర్టుకు పోయింది. జడ్జి ఆటన్ గారి ముందు ఇరుపక్కలా నిపుణులు కూర్చుని బండిని బోల్టుబోల్టుగా లెక్కపెట్టినారు.

లెక్క తేలింది ఇది. 1929లో గెలిచిన బండిది అని గట్టిగా చెప్పగలిగిన ముఖ్యభాగం ఒక్కటీ లేదు. 1930 బండిది మూడే మూడు: పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు పైతొడుగు, స్టీరింగు కాలమ్. ఛాసిస్ చట్రం, స్ప్రింగులు, ముందు యాక్సిల్, 8 లీటర్ల ఇంజిను, ఇవన్నీ 1932 నాటివి. పైబాడీ అయితే మొత్తం కొత్తది.

ఇది చదివినప్పుడు, కొనేవాళ్ళదే న్యాయం అనుకున్నాను. మీరూ అట్లే అనుకుంటారేమో. కానీ 1990 జూలైలో జడ్జి అమ్మినవాడి పక్కే తీర్పు చెప్పినాడు.

ఆయన తర్కం నాకు అర్థమైన మేరకు చెప్తాను. మొదట ఆయన మాటలను వేరుచేసినాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలో, అదే సామానుతో ఉంటేనే 'ఒరిజినల్' అనాలి. ఆ లెక్కన ఇది ఒరిజినల్ కాదు. అట్లని నకలూ కాదు. ఎవరో ఎక్కడో కొత్త ఇనుముతో చేసి పాత నంబరు కొట్టింది కాదు. విరిగిన తునకలు ఏరుకొచ్చి మళ్ళీ బతికించిందీ కాదు. నాలుగు సీజన్లు పెద్ద రేసుల్లో తెగకుండా పరుగెత్తిన బండి. సామాను ఒకేసారి మారలేదు. ఒకటి అరిగితే ఒకటి వచ్చి, పాతదానితో కలిసి పనిచేసి, అందులో కలిసిపోయింది. 'నేనే ఓల్డ్ నంబర్ వన్' అని చెప్పుకోగల బండి లోకంలో ఇంకొకటి లేదు. కొనేవాడు కొన్నది ఇనుము ఒక్కటే కాదు, ఆ చరిత్రను కూడా. కాబట్టి ఇది అదే బండి. కోటి పౌండ్లూ కట్టాల్సిందే.

రేసు బండికి ఇది న్యాయమైన కొలత. ఇంట్లో వాడే కారయితే ఇరవై ఏండ్లు అదే ఇంజినుతో ఉంటుంది. రేసు బండికి ఒక్క వారం అదే ఇంజిను ఉంటే గొప్ప. శనివారం పగిలింది ఆదివారానికి మార్చాలి. సామాను మారకుండా ఉన్న రేసు బండి అంటే సరిగా పరుగెత్తని బండి అనే అర్థం.

మరి గుర్తుపట్టడం ఎట్లా? నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. మా దగ్గర ఏదన్నా తప్పు దొరికితే మొదట అడిగేది, ఇది ఏ వెర్షను, ఎప్పుడు మారింది, ఎవరు మార్చినారు అని. పాత బండ్లను వెతికేవాళ్ళదీ అదే పద్ధతి.

మొదట నంబర్లు. ఛాసిస్ మీద, ఇంజిను మీద, గేర్‌బాక్సు మీద, యాక్సిల్ మీద విడివిడిగా గుద్ది ఉంటాయి. అంకెల ఆకారం ఆ ఫ్యాక్టరీ వాడిన పంచ్‌లదా, లోతు ఎంత, చుట్టూ లోహాన్ని అరగదీసిన గుర్తులున్నాయా అని చూస్తారు. అయినా నంబరును ఒక్కదాన్నే నమ్మరు. ఆ రోజుల్లో రేసు జట్లు దేశం నుంచి దేశానికి బండి తీసుకుపోవాలంటే కస్టమ్స్ కాగితంలో రాసిన నంబరే బండి మీద కనిపించాలి. కాగితం ఉన్న బండి పాడైతే, దాని నంబరు పలక తీసి వేరే బండికి కొట్టి సరిహద్దు దాటించిన సందర్భాలు ఉన్నాయి. ఫ్యాక్టరీవాళ్ళే మార్చినారంటే ఇంక పలక ఏం సాక్ష్యం చెప్తుంది?

తరువాత కాగితాలు. ఫ్యాక్టరీ తయారీ పత్రాలు, రేసు ఎంట్రీ జాబితాలు, రిజిస్ట్రేషన్ పుస్తకాలు, రిపేరు బిల్లులు, అమ్మకం ఉత్తరాలు. చివరగా ఫోటోలు. బానెట్ మీద గాలి చీలికలు ఎన్ని, రివెట్ల వరస ఎక్కడ వంకర పోయింది, పెట్రోలు మూత ఏ పక్క ఉంది. చేత్తో చేసిన బాడీలు ఏ రెండూ ఒకమాదిరి ఉండవు కాబట్టి ఇవి వేలిముద్రల్లాంటివి.

ఈ గొలుసులో ఒక కొక్కెం ఊడినా ఎంత పెద్ద బండైనా ఆగిపోతుంది. 2007లో పారిస్‌లో క్రిస్టీస్‌వాళ్ళు ఒక ఆటో యూనియన్ డి-టైప్ బండిని వేలం వేయాల్సి ఉండింది. యుద్ధానికి ముందు జర్మనీలో చేసిన బండ్లు అవి. యుద్ధం అయినాక సోవియట్ సేనలు వాటిని తీసుకుపోయినాయి. చాలావరకు అక్కడే తునకలైపోయినాయి. వేలానికి ముందు, ఈ బండి చెప్తున్న రేసు చరిత్ర దీనిదేనా, దీని నంబరు అదేనా అని అనుమానం వచ్చింది. వేలం ఆపేసినారు. బండి జర్మనీదే, కాలం అదే. అయినా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేక ఆగింది.

ఇంకొకటి 1954 నాటి ఫెరారీ 375 ప్లస్, నంబరు 0384 ఏఎం. అమెరికాలో ఒకాయన దగ్గర ఏండ్ల తరబడి పడి ఉండి, 1980ల్లో దొంగల చేతిలో పడి బెల్జియం చేరింది. అక్కడ దాన్ని బాగుచేసినారు. కొన్ని అసలు భాగాలు మాత్రం అమెరికాలోనే మిగిలినాయి. బండి ఒక దేశంలో, దాని తునకలు ఇంకో దేశంలో, మధ్యలో ఏండ్ల తగవు. చివరికి ఇరుపక్కలూ ఒప్పందానికి వచ్చి, అన్నిటినీ కలిపి 2014లో ఇంగ్లండులో బోనమ్స్ వేలంలో అమ్మినారు. కోటి పౌండ్ల పైన పలికింది. విడిగా ఉన్నప్పుడు దేనికీ ఆ విలువ రాలేదు.

ఇప్పుడు మన ఫోటోకు వద్దాం. పెద్దది చేసి చూసినాను. చక్రాలు ఒక కంపెనీవిగా, ముందు జాలీ ఇంకొక కంపెనీదిగా కనిపిస్తుంది. బాడీ మన దగ్గరే రేకు కొట్టి చేసినట్టుంది. ఆ కాలంలో బయటినుంచి బండి తెప్పించుకోవడం చాలా కష్టం కాబట్టి, షోలవరంలో పరుగెత్తినవాటిలో చేతికి దొరికిన ఇంజిను, ఛాసిస్ జతచేసి చేసుకున్న బండ్లు ఎన్నో ఉండేవి. వాటిని 'స్పెషల్' అనేవాళ్ళు. మొదట చూసి, చిన్నతాత కోతలు కోసినాడు అనుకున్నాను. లండన్ తీర్పు చదివినాక అట్లా అనలేకపోతిని. రేకు ఇక్కడిదైనా లోపలి ఇంజిను నిజంగా ఫారిన్‌లో పరుగెత్తిందే అయి ఉండొచ్చు. ఆయన చెప్పింది కూడా ఇంజిను దించినాను అనే కదా. దించిన మెకానిక్కు నంబరు రాసుకోకుండా ఉండడు. ఆ నోటుపుస్తకం ఆ మూడు సంచుల్లో ఉండింది. తుడిచేసింది నేను.

ఎవరికైనా ఆ బండి ఇప్పుడు ఎదురుపడితే అది వాళ్ళకు పాత రేకు మాత్రమే. కథ ఉంది, కానీ కథను బండికి కట్టిన తాడు తెగింది.

పోయిన సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక చుట్టం, మన పిల్లల మాట విని, "ఇది తెలుగా, కన్నడమా?" అని నవ్వినాడు. ఆ రోజు నాకు జవాబు దొరకలేదు. ఇప్పుడయితే చెప్తాను. అన్నా, ఇది ఒరిజినల్ కాదు, ఒప్పుకుంటాను. సగం సామాను ఇక్కడ అరిగి ఇక్కడే మార్చుకున్నాము. కానీ ఒక్క రోజు కూడా ఆపకుండా నడిపిన బండి ఇది.

నడిపినాము అని చూపించడానికి కాగితం కావాలి కదా. అందుకే అందరినీ ఒకటి అడుగుతున్నాను. ఇంట్లో పాత ఫోటోలు తీసి, వెనకపక్క పెన్సిలుతో పేరు, ఊరు, తెలిసిన సంవత్సరం రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు ఊరుతుంది. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. పాత బిల్లు అయినా, లెక్కల పుస్తకం అయినా గుజరీకి వేసే ముందు నాకు ఒక ఫోన్ చేయండి. ఆటో ఖర్చు నాదే.

షోలవరం ఫోటో కాపీ ఎవరి దగ్గరన్నా ఉంటే, చిన్నతాత ఆ బండి గురించి ఒక్క మాట చెప్పింది ఎవరికన్నా గుర్తుంటే, దయచేసి పంపండి. పెద్దత్తా, మీ ట్రంకుపెట్టె అడుగున ఒకసారి చూస్తారా?