శిఖం భూమి, ఇంటి అనుమతి

నిజాము కాలపు దస్తరాలనుండి మన తెలంగాణ పల్లెలలో నిలిచిపోయిన మాటలలో ‘శిఖం’ ఒకటి. చెఱువు నిండినపుడు నీట మునిగే నేలకు ఆ పేరు. మూలం ఫారసీ ‘శికమ్’, అర్థం కడుపు. మనవాళ్ళు కకారానికి వత్తు తగిలించి దానిని సంస్కృత ‘శిఖ’కు చుట్టాన్ని చేశారు. కడుపు కాస్తా సిగ అయి కూర్చుంది! వ్రాత మారితే మారింది గాని, అర్థం మఱచిపోవడమే నేటి చిక్కులకు మొదలనిపిస్తుంది నాకు.

పాత పహాణీలలో శిఖం రెండు తీరులు. ప్రభుత్వానిది సర్కారీ శిఖం. రైతుకు హక్కున్నది శిఖం పట్టా. ఈ రెండవదానిని చాలామంది మామూలు పట్టాగా భ్రమపడతారు. నీరు తీసినపుడు దున్నుకొని, నీరు వచ్చినపుడు తప్పుకొనే హక్కు అది. ఆ నేలలో జొన్న వేయవచ్చును, పుచ్చ పెట్టవచ్చును, గోడ లేపరాదు. అమ్మేవాడు ‘పట్టా భూమియే’ అని పాసుపుస్తకం చూపితే అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

నల్లగొండ, పాలమూరు సీమలు మెట్ట ప్రాంతాలు. ఇక్కడ వరద అంటే నది పొంగడం మాత్రమే కాదు; ముఖ్యంగా చెఱువు తెగడం. మా చెఱువులు ఒంటరివి కావు. పై చెఱువు మత్తడి దుమికిన నీరు క్రింది చెఱువుకు, అది నిండితే దాని దిగువదానికి పోతుంది. ఈ ఏర్పాటునే గొలుసుకట్టు అంటారు. (మత్తడినే కోస్తావారు కలుజు అంటారు, రాయలసీమవారు మరవ అంటారు.) కందూరు చోడుల పానగల్లులోని ఉదయసముద్రం మొదలు వనపర్తి సంస్థానపు చెఱువుల దాకా ఈ నేలను ఏలినవారందఱూ ఈ గొలుసుకు తలా ఒక కొక్కెం తగిలించినవారే.

గొలుసు తెగితే ఏమవుతుందో 1908లో తెలిసింది. ఆ సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో సుమారు 15 వేలమంది పోయారని అంటారు. మరుసటి ఏడు నిజాము పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఎగువ పరీవాహకాన్ని లెక్కగట్టించారు. 788 చెఱువులున్నాయి, వాటిలో 221 తెగాయి. అంటే ఊరిని ముంచినది ఆకాశం నుండి పడ్డ వాన మాత్రమే కాదు. తెగిన చెఱువు నీరు దిగువ చెఱువును తెంచి, రెండూ కలిసి మూడవదానిపై పడటం. ఆ తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి నగరాన్ని తీర్చిదిద్దే పనికి పూనుకుంది. అదే మూసీ దిగువకు వచ్చి నల్లగొండ జిల్లా అంతా పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కాని నగరానికి కలిగిన ఆ మెలకువ దిగువ పల్లెలకు ఎన్నడో గాని రాలేదు.

ఇప్పటి నియమాలు చూడండి. 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు జీ.ఓ. భవన నియమాలకు ఆధారం. నదీగర్భంలో గాని, చెఱువు, కుంట, శిఖం భూముల పూర్తి నీటిమట్టం (ఎఫ్.టి.ఎల్. అని అందఱి నోటా నలిగే మాట ఇదే) లోపల గాని ఏ కట్టడానికీ అనుమతి లేదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెఱువైతే ఆ హద్దు నుండి 30 మీటర్లు విడవాలి; అంతకు చిన్నదైతే 9. 2012లో వ్రాసినపుడు వాగు, కాలువలకు 9, నాలాకు 2. నదికి పురపాలక పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100. 2020 ఆగస్టు 31 నాటి లే అవుట్ల క్రమబద్ధీకరణ నియమాలు కూడా నీటిమట్టం లోపలి ప్లాట్లను మినహాయించాయి. నియమం వ్రాసినవారిని తప్పుపట్టడానికి లేదు.

తప్పంతా ఆ గీత ఎక్కడ అన్నదానిలో ఉంది. పూర్తి నీటిమట్టాన్ని నిర్ణయించేది మత్తడి గడప ఎత్తు. నీరు ఆ గడప దాటి పోయే ముందు ఎంత మేర పఱచుకుంటుందో అంత మేరా చెఱువే. మఱి ఒక రాత్రి ఆ గడపను రెండడుగులు కొట్టివేస్తే? చెఱువు నిండదు. అంచున ఉన్న శిఖం ఆరిపోతుంది. మూడేళ్ళు నీరు రాని నేలలో తుమ్మ మొలుస్తుంది, తరువాత కడీలు మొలుస్తాయి, ఆ తరువాత రంగురంగుల జెండాలు. కొనేవాడు ఎండాకాలంలో వచ్చి చూస్తాడు. నీరటివాడు ఉన్న రోజులలో అయితే మత్తడిపై ఎవరు గడ్డపాఱ వేశారో తెల్లారేసరికి ఊరంతా చెప్పేవాడు.

నీరు మళ్ళీ రాదన్న ధీమా కూడ ఇప్పుడు చెల్లదు. పానగల్లు ఉదయసముద్రం నేడు వాన కోసం ఎదురుచూడదు. ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల పథకంలో కృష్ణ నీటిని నిలుపుకొనే జలాశయమైంది. పాలమూరులో కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు ఏళ్ళతరబడి ఎండిన చెఱువులకు నీరు తెచ్చాయి. సంతోషమే. కాని ముప్పై ఏళ్ళ కరువులో ఆ కడుపులలో వెలసిన ఇళ్ళ మాటేమిటి? వనపర్తి సీమలోని సరళాసాగర్ కట్ట తెగినది వానాకాలంలో కాదు, 2019 డిసెంబరు 31న.

నదీతీరానికి వస్తే కథ వేరు. 2009 అక్టోబరు 2 ప్రాంతంలో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలంపురం నీటమునిగింది, తుంగభద్ర ఒడ్డున రాజోలి మునిగింది. అక్కడ 100 మీటర్ల నియమం ఎవరిని కాపాడగలదు? మనం దూరం కొలిచాము. నీరు ఎత్తును చూసుకొని వచ్చింది. నది వెంట అనుమతికి కొలబద్ద 2009 నాటి నీటి గుర్తు కావాలని నా అభిప్రాయం. గుళ్ళ గోడలమీద, పాత ఇళ్ళ గోడలమీద ఆ గుర్తు చూసినవారు ఇంకా ఉన్నారు.

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో మఱొక మార్పు జరిగింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తులోపు ఇంటికి అనుమతే అక్కఱలేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా సొంత ధ్రువీకరణపై వెంటనే అనుమతి. అబద్ధం తేలితే నోటీసు లేకుండా కూల్చవచ్చు. లంచం పీడ తగ్గించే ఆలోచన, మెచ్చదగినదే. అయితే తన స్థలం నీటిమట్టం లోపల లేదని సంతకం చేసేవాడు ఎవరు? ఊరికి కొత్తగా వచ్చిన గుమాస్తా, నా దగ్గర చదివిన ఉపాధ్యాయుడు, బొంబాయినుండి తిరిగి వచ్చిన వలస కూలీ. మత్తడి పేరు కూడా వినని మనిషి చెఱువు హద్దుకు పూచీ పడుతున్నాడు. కాగితాలు తెచ్చి చూపే పాత విద్యార్థులను నేను మొదట అడిగేది ఒకటే: పై చెఱువు మత్తడి నీరు ఏ దారిన పోతుంది?

ఆ దారే అసలు ప్రాణం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు కోదాడ వీధులలో కార్లు కొట్టుకుపోవడం అందఱమూ చూశాము. చెఱువుకు పటములో చోటుంది. చెఱువుకూ చెఱువుకూ నడుమ నీరు నడిచే దారికి చాలాచోట్ల అది కూడా లేదు. పైగా మా పల్లెలలో దానిని ఎవరూ నాలా అనరు, వాగు అనరు, ‘ఒర్రె’ అంటారు. నియమంలో ఆ మాట లేదు. 2012 నాటి నియమం ప్రకారం ఒర్రెను వాగుగా లెక్కిస్తే 9 మీటర్లు విడవవలసి ఉండేది, నాలాగా లెక్కిస్తే 2 సరిపోయేది. తేడా ఏడు మీటర్లు, అంటే 23 అడుగులు. రెండువందల గజాల ప్లాటు సాధారణంగా 30 అడుగుల వెడల్పు ఉంటుంది. ఇల్లు ఒర్రె ప్రక్కనా, ఒర్రెలోనా అన్నది ఆ ఒక్క మాట మీద తేలిపోయేది. ఏ మాట వ్రాయాలో కచేరీలో కూర్చున్నవాడు చెప్పేవాడు.