చేరికకు ముందు చరిత్ర: కోవిడ్ రోగుల కాలేయ హాని, హరూర్ కోణం

కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారి రక్తంలో కాలేయ ఎంజైములు పెరగడం తొలినుంచీ నమోదవుతూ వచ్చింది. వూహాన్‌లో మొదట చికిత్స పొందిన 41 మందిలో 37 శాతం మందికి ఎస్‌జీఓటీ అనే ఎంజైము పెరిగింది. చైనాలో 1,099 మందిపై 2020లో వెలువడిన అధ్యయనంలో ఆ పెరుగుదల తీవ్రత లేనివారిలో 18.2 శాతం, తీవ్రంగా జబ్బుపడినవారిలో 39.4 శాతం. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన ఆనంద్ కులకర్ణి బృందం అదే ఏడాది 107 వ్యాసాలను, 20 వేల పైచిలుకు రోగుల వివరాలను కలిపి పరిశీలించింది. ఆసుపత్రిలో చేరేనాటికే 23.1 శాతం మందిలో కాలేయ పరీక్షలు తేడాగా ఉన్నట్టు తేలింది. అంటే గడప దాటేసరికే ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి ఏదో జరిగి ఉంది. ఆ ‘ఏదో’ ఏమిటన్న ప్రశ్నకు దొరకాల్సినంత శ్రద్ధ దొరకలేదు.

ఇందుకు కొంత కారణం 2020 మార్చిలో బర్మింగ్‌హామ్ వైద్యులు బంగాష్, పటేల్, పరేఖ్‌లు రాసిన చిన్న వ్యాసం. కోవిడ్‌లో కాలేయం గురించి కలవరపడాల్సింది పెద్దగా లేదని వారు తేల్చారు. ఎస్‌జీఓటీ కండరాలనుంచి కూడా వస్తుంది. మిగిలిన పెరుగుదలకు ఆక్సిజన్ కొరత, సెప్సిస్, ఆసుపత్రిలో ఇచ్చే మందులు చాలునని వారి వాదన. వైరస్ విషయంలో ఆ వాదన చాలావరకు నిలబడింది. ఉత్తర ఇటలీలో మరణించిన 48 మంది కాలేయాలను పరిశీలించినప్పుడు రక్తనాళాల మార్పులు, రక్తపు గడ్డలు ప్రముఖంగా కనిపించాయి; వాపు స్వల్పమే. ఇన్‌ఫ్లుయెంజాలో వైరస్ కాలేయంలో లేకుండానే రోగనిరోధక కణాలవల్ల హెపటైటిస్ రావచ్చని 2006లోనే ఎలుకలపై పరిశోధన చూపింది. కానీ బర్మింగ్‌హామ్ వాదనలో మందుల కథ ఆసుపత్రి మంచం దగ్గర మొదలవుతుంది. రోగి ఇంట్లో గడిపిన వారం పది రోజులకు అందులో చోటు లేదు. ఆ భరోసాను తమిళనాడులోని ధర్మపురి జిల్లాకు యథాతథంగా తెచ్చుకోవడం పొరపాటు.

ఆ జిల్లాలోని హరూర్‌లో జ్వరం వచ్చినవారు చాలామంది ముందుగా వెళ్ళేది ఆసుపత్రికి కాదు. 2020 ఏప్రిల్ నుంచి తమిళనాడు ప్రభుత్వమే కబసుర కుడినీర్ పొడిని పంచింది. పదిహేను దినుసుల ఆ పొడిని నీళ్ళలో వేసి, పావు వంతుకు మరిగించి, వడకట్టి తాగుతారు. శొంఠి, పిప్పళ్ళు, లవంగం, కరక్కాయ, నేలవేములతోపాటు అందులో తమిళులు సీందిల్ అనే తీగ కాండం ఉంటుంది. తెలుగు ఇళ్ళలో దాన్నే తిప్పతీగ అంటారు. వేపచెట్టుకు అల్లుకున్న తీగను కోసి విడిగా కషాయం కాచుకునేవారూ ఉన్నారు. ఒకే రోగి కడుపులోకి పొడి ద్వారా కొంత, పచ్చి కాండం ద్వారా మరికొంత తిప్పతీగ చేరవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న పారాసిటమాల్, అజిత్రోమైసిన్ వీటిపైన అదనం. డ్యూటీ డాక్టరు తమిళంలో మందుల గురించి అడిగినప్పుడు రోగి బిళ్ళల పేర్లు చెబుతారు. కషాయం ఊసు రాదు. అది వారి లెక్కలో మందు కాదు. కేస్‌షీట్‌లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

తిప్పతీగపై ఆధారాలు గట్టివి. 2020 సెప్టెంబరు–డిసెంబరు మధ్య ముంబైలో ఆభా నగ్రాల్ బృందం చూసిన ఆరుగురు రోగులు కామెర్లతో, నీరసంతో వచ్చారు. అందరూ రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ తీసుకున్నవారే. కొందరి బయాప్సీలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన లక్షణాలు కనిపించాయి. నిరోధక శక్తిని రెచ్చగొట్టే పదార్థం, లోపల నిద్రాణంగా ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బును లేపుతుందన్న వివరణ ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. తర్వాత కులకర్ణి బృందం దేశంలోని అనేక కేంద్రాలనుంచి 43 కేసులను సేకరించింది. వాడకం మొదలుపెట్టిన నాటినుంచి లక్షణాలు బయటపడే నాటికి మధ్యస్థంగా 46 రోజులు పట్టింది. అప్పటికే కాలేయ జబ్బు ఉన్నవారిలో అది ఒక్కసారిగా ముదిరిన సందర్భాలు ఎక్కువ, కొందరు మరణించారు. ఈ 46 రోజుల వ్యవధి కీలకం. కోవిడ్ భయంతో నెలన్నరగా రోజూ కషాయం తాగుతున్న వ్యక్తికి సరిగ్గా అప్పుడే వైరస్ సోకితే, పెరిగిన ఎంజైములన్నీ వైరస్ ఖాతాలో పడతాయి. ముంబై కేసులు దుష్ప్రచారమని, మొక్కను తప్పుగా గుర్తించి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వశాఖ 2021 జూలైలో అభ్యంతరం చెప్పింది. అయినా పొలం గట్టున తీగ కోసుకునే చోట తప్పు మొక్క ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది.

ఆసుపత్రి మందుల పాత్ర తెలిసిందే. షెన్‌జెన్‌లో 417 మందిపై జరిగిన అధ్యయనంలో లోపినవిర్–రిటోనవిర్ వాడకం కాలేయ హానిని పెంచింది. రెమ్‌డెసివిర్, ఫావిపిరవిర్ కూడా ఎంజైములను పెంచగలవు. భారత మార్గదర్శకాలు ఎంజైములు సాధారణ పరిమితికి ఐదింతలు దాటినవారికి రెమ్‌డెసివిర్ వద్దన్నాయి. కషాయంవల్ల ఆ గీత దాటిన రోగికి, ఊపిరితిత్తులకు ఇవ్వాల్సిన మందు కూడా అందకుండా పోయే వీలుంది.

కారణాలను విడదీయడానికి తాలూకా ఆసుపత్రి స్థాయిలోనూ దారులున్నాయి. ఆక్సిజన్ కొరతవల్ల పెరిగిన ఎంజైములు వేలల్లోకి ఎగసి, రక్తప్రసరణ కుదుటపడగానే కొద్ది రోజుల్లో దిగిపోతాయి. మూలికవల్ల వచ్చిన హాని వారాలపాటు సాగుతుంది, బిలిరుబిన్‌ను వెంట తెస్తుంది. ఎస్‌జీఓటీ ఒక్కటే పెరిగితే కండరాల ఎంజైము సీపీకే చూడాలి. రక్తనమూనాను కూడా అనుమానించాలి. సూది గుచ్చి గట్టిగా లాగినా, ట్యూబును కుదిపినా ఎర్రకణాలు పగిలి సీరం గులాబీ రంగుకు మారుతుంది, ఎస్‌జీఓటీ అబద్ధంగా పెరుగుతుంది. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ధర్మపురికి ఎండలో ప్రయాణించే నమూనాలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. వానాకాలంలో డెంగ్యూ, స్క్రబ్ టైఫస్ ఇలాంటి అంకెలనే చూపిస్తాయి. మద్యం, హెపటైటిస్ బి, ఫ్యాటీ లివర్ గురించి ఎలాగూ అడగాలి.

కాబట్టి చేరిక రోజునే గత రెండు నెలల్లో తాగిన కషాయాలు, పొడులు, నాటుమందులు పేరుపేరునా అడిగి రాయాలి. తెలుగు కుటుంబాల్లో తిప్పతీగ పేరుతో, తమిళ కుటుంబాల్లో సీందిల్ పేరుతో. వీలైతే తీగ ముక్కను ఇంటినుంచి తెప్పించి గుర్తుపట్టాలి. డిశ్చార్జి కాగితంలో కషాయం మళ్ళీ మొదలుపెట్టవద్దని, నాలుగు వారాలకు ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము, బిలిరుబిన్ తిరిగి చూపించుకోవాలని ఉండాలి. ఈ వివరాలు లేకుండా తమిళనాడు పల్లెల నుంచి వచ్చే ఏ కోవిడ్ కాలేయ హాని శాతాన్నీ వైరస్ పని కింద లెక్కించడానికి వీల్లేదు.