రాజయక్ష్మ: చికిత్స గృహమునకు వచ్చిన కథ

మన పూర్వులు రోగములకు గూడ పుట్టుపూర్వోత్తరములు చెప్పిరి. దక్షుడు తన యిరువదియెనమండుగురు కుమార్తెలను చంద్రున కిచ్చి వివాహము చేయగా, ఆతడు రోహిణియందే యనురక్తుడై తక్కినవారి నుపేక్షించెననియు, ఆ దోషముచే దక్షుని కోపమునకు గురియై నానాటికి క్షీణించెననియు, అదియే రాజయక్ష్మమనియు చరకసంహిత చెప్పుచున్నది. కథ యెట్లున్నను దాని వెంట నున్న హేతువిచారణ మాత్రము కథ గాదు. శక్తికి మించిన సాహసము, వేగముల నాపుట, ధాతుక్షయము, విషమాశనము అను నాలుగు కారణముల నందు చూడవచ్చును. సుశ్రుతసంహిత యింకను ముందునకు బోయి, కుష్ఠము, జ్వరము, కంటికలకలతోపాటు శోషను గూడ మనుష్యునినుండి మనుష్యునకు సంక్రమించు వ్యాధులలో చేర్చి, సహభోజనము, ఏకశయ్య, నిశ్వాసము తగులుట మున్నగువానిని సంక్రమణమార్గములుగా పేర్కొన్నది. ఈ వ్యాధి తిండిలేమివలన గలుగునా, అంటుటవలన గలుగునా? ప్రశ్న మిగుల పాతది. ఈ రెండు మాటలును విడివడుచు, మరల కలియుచు మన కాలమువరకు వచ్చిన విధమును పాఠకులకు విన్నవింపగోరుచున్నాము.

ఐరోపాఖండమున జరిగిన తొలికథను త్వరగా ముగింతుము. 1816లో లెన్నెక్ అను ఫ్రెంచి వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి యెదపై నుంచి వినెను; స్టెతస్కోపు పుట్టుక యదియే. రొమ్ములోని ధ్వనులనుబట్టి క్షయను గుర్తించుట నేర్పిన యాతడు 1826లో క్షయచేతనే మరణించెను. 1865లో విల్మాన్ అను సైనికవైద్యుడు రోగి దేహములోని పదార్థమును కుందేళ్లకెక్కించి యీ రోగ మంటువ్యాధి యని చూపెను గాని, ఇది వంశపారంపర్యమని నమ్మిన పండితులు పెక్కుమంది యాతని మాట చెవిని బెట్టలేదు. 1882 మార్చి 24వ తేదీన బెర్లినులో రాబర్టు కాక్ రోగక్రిమికి రంగుపట్టించి, సూక్ష్మదర్శనిక్రింద దానిని సభవారికి చూపెను. మనుష్యమరణములలో ఏడింట నొకటి యీ రోగమువలననే యని యాతడా దినమున చెప్పెను. ఆ కాక్ పండితుడే 1890లో ట్యుబర్కులిన్ అను మందు కనిపెట్టితినని ప్రకటింపగా లోకము సంబరపడెను. అది మందుగా పనికిరాలేదు. అయినను 1907లో పిర్కే, 1908లో మాంటూ దానిని చర్మపరీక్షగా మార్చిరి. మందుగా నోడినది పరీక్షగా నేటికిని బ్రదికియున్నది.

కాక్ సిద్ధాంతము స్థిరపడి నూటనలువదేండ్లు గడచినను, మన యిండ్లలో సంబంధములు విచారించునప్పుడు "వారి వంశమున దగ్గున్నది" అను మాట యింకను వినవచ్చుచునే యున్నది. మగవానికి వచ్చిన "దగ్గు" మందుతో పోవును. కోడలికి వచ్చినచో నది వంశదోషమగును, పుట్టినింటికి ప్రయాణమగును. క్రిమికి లేని పక్షపాతము మన కున్నది.

మందు లేని కాలమున చికిత్స యనగా శానిటోరియము. జర్మనీలో బ్రేమర్ అను వైద్యుడు 19వ శతాబ్ది నడుమ ఆరంభించిన యీ పద్ధతిలో చల్లని గాలి, పుష్టికరమగు భోజనము, నెలలకొలది విశ్రాంతి ముఖ్యములు. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్సురే కిరణములు ఊపిరితిత్తులలోని గాయమును వైద్యుని కంటికి చూపెను గాని దానిని మాన్పలేదు. గాయపడిన ఊపిరితిత్తికి విశ్రాంతి గలిగింపవలెనని రొమ్ములోనికి గాలి యెక్కించుటయు, ప్రక్కటెముకలు తొలగించుటయు నడచెను. మన తెలుగునాట మదనపల్లె చేరువను ఆరోగ్యవరమున క్రైస్తవ మిషనులు కలిసి 1915లో నెలకొల్పిన చికిత్సాలయము దక్షిణదేశమంతట పేరొందెను. అచ్చట మంచము దొరకినవారు అదృష్టవంతులు. దొరకనివారు లక్షలు. అట్టివారు ఇంటి వెనుకటి కొట్టున వేరు కంచము, వేరు చెంబు పెట్టుకొని దినములు లెక్కించుచుండిరి.

1943లో అమెరికాలోని రట్గర్స్ విద్యాలయమున, వాక్స్‌మన్ పరిశోధనశాలలో, ఆల్బర్టు షాట్జ్ అను యువకుడు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్ అను మందును వేరుచేసెను. 1952లో నోబెల్ బహుమానము వాక్స్‌మనునకే వచ్చెను. శిష్యుడు న్యాయస్థానమునకు బోయి తన భాగమును ఒప్పించుకొనవలసి వచ్చెను. గురుశిష్యసంబంధమును గూర్చి మేము బడిలో చెప్పు నీతులకు ఈ కథ బొత్తిగా పొసగదు.

ఆ మందు గుణమును తేల్చుటకు బ్రిటనువారు చేసిన పరీక్ష వైద్యచరిత్రలో ప్రసిద్ధమైనది. మందు కొరతగా నుండుటచే అందరికి నిచ్చుట యెట్లును సాధ్యము గాదు. కావున 107 మంది రోగులను వైద్యుని యిష్టానిష్టములతో నిమిత్తము లేకుండ, మూసిన కవరులలోని చీట్లనుబట్టి రెండు పక్షములుగా విభజించిరి. విశ్రాంతితోపాటు మందు పొందిన 55 మందిలో ఆరు నెలలకు నలుగురు మరణించిరి. విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించిరి. 1948లో ఈ ఫలితములు ప్రకటితమయ్యెను. కాని యందే యొక హెచ్చరిక గూడ నుండెను: కొన్ని నెలలలో క్రిములు మందునకు లొంగక యెదురు తిరిగెను. మరల రోగము తిరుగబెట్టి పలువురు పోయిరి. ఒక్క మందుతో ఈ శత్రువును గెలువలేమని, రెండు మూడు మందులు కలిపి యీయవలెనని యప్పుడు తెలిసినది. లేమన్ కనిపెట్టిన పాస్ అను మందు మొదట తోడయ్యెను. 1952లో ఐసోనియాజిడ్ వచ్చెను. ఈ రెండవదానిని 1912లోనే ప్రాగు నగరమున రసాయనశాస్త్రజ్ఞులు తయారుచేసియుండిరి; దాని గుణము నెవ్వరు నెరుగక నలువదేండ్లు ఊరకుండిరి. ఆ నలువదేండ్లలో పోయిన ప్రాణముల నెవరు లెక్కింపగలరు?

మందులు వచ్చెను, మంచములు లేవు. ఈ చిక్కు మన దేశమునందే తీరెను. 1956లో భారత వైద్యపరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్యపరిశోధన మండలి కలిసి మద్రాసున క్షయచికిత్సా పరిశోధనకేంద్రమును స్థాపించిరి. వాలెస్ ఫాక్స్ అను వైద్యుడు అందు ప్రముఖుడు. 193 మంది పేదరోగులను చీట్లపద్ధతిని విభజించి, కొందరిని శానిటోరియమునకు పంపిరి. కొందరిని వారి యిండ్లలోనే యుంచిరి. ఇరువురకును నొకే మందులు, ఒక సంవత్సరము. శానిటోరియములో మంచి భోజనము, విశ్రాంతి. ఇంటనున్నవారికి ఇరుకుగదులు, చాలీచాలని తిండి. పలువురు పనులు గూడ మానలేదు. పండితులలో ననేకులు ఇంటివారు నష్టపోవుదురనియే తలచియుండిరి.

1959లో ఫలితము వెలువడెను. శానిటోరియమువారు ఒళ్లు చేసిరి, బరువు హెచ్చిరి. కాని రోగము కుదిరినవారి సంఖ్య రెండు పక్షములలోను ఇంచుమించు సమానమే. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఇంటనుంచి చికిత్స చేసిన రోగులవలన కుటుంబమువారికి అధికముగా రోగ మంటెనా యని ఐదేండ్లు కనిపెట్టి చూచిరి, అంటలేదు. మందు మొదలిడుటకు పూర్వమే యంటవలసినది యంటియుండును. మందు సాగిన పిదప రోగి త్వరలోనే ప్రమాదకారి గాకుండ పోవును. వెనుకటి కొట్టునకు, వేరు కంచమునకు, పుట్టినింటి ప్రయాణమునకు శాస్త్రాధార మా దినముననే తొలగిపోయినది. ఈ సంగతి మన యిండ్ల కింకను పూర్తిగా చేరకుండుటయే మా విచారము.

ఇంటి చికిత్సకు గల కష్టము వేరు. రెండు నెలలు మ్రింగగనే దగ్గు పోవును, ఆకలి వేయును. ఇంక మందెందుకని మానుదురు. మద్రాసు పరిశోధకు లీ మానవస్వభావము నెరిగి, చెప్పకుండ ఇండ్లకు బోయి మాత్రలు లెక్కించుచు, మూత్రపరీక్షలు చేయుచుండిరి. 1960ల తరువాత రిఫాంపిసిన్ వచ్చి చికిత్స ఆరు నెలలకు తగ్గెను. టీకా కథ యింత శుభకరము గాదు. 1921లో మానవుల కీయ నారంభించిన బి.సి.జి. టీకాను మన దేశమున 1948లో మదనపల్లెలోనే తొలిసారిగా వేసిరి. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలిడిన మహాపరీక్ష పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది నివారింపలేదని 1979లో తేల్చెను. పసిబిడ్డలను మెదడుపొరల క్షయవంటి ఘోరరూపములనుండి కాపాడునుగాన దానిని విడువలేదు.

రోగనిర్ణయము నూరేండ్లకు పైగా కాక్ చూపిన చోటనే నిలిచియుండెను. కళ్లెలో క్రిములు మిక్కిలిగా నున్నగాని సూక్ష్మదర్శనికి చిక్కవు. వానిని పెంచి చూచుటకు వారములు పట్టును. 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ యామోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రము క్రిమి యొక్క జన్యుపదార్థమునే వెదకి, రెండు గంటలలో రోగమున్నదియు, రిఫాంపిసినునకు క్రిమి లొంగునా యనునదియు చెప్పును. గోవాలో తయారైన ట్రూనాట్ అను చిన్నయంత్రమునకు 2020లో ఆ యామోదము లభించెను. మందులకు లొంగని క్షయకు పూర్వము ఏడాదిన్నర, రెండేండ్లు చికిత్స. చెవుడు తెచ్చు సూదులు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన బెడాక్విలిన్ మొదలగు క్రొత్తమందుల కూర్పుతో 2022 నుండి అర్హులగు రోగులకు ఆరు నెలల మాత్రలతోనే చికిత్స సాధ్యమైనది.

ఇక తిండిమాట. మద్రాసు ఫలితమును చూచి, మందుండగా భోజన మెందుకని పలువురు తలచిరి. అది తప్పుడు తాత్పర్యము. మందు వేసికొనువానికి రోగము కుదురుటకు శానిటోరియపు భోజన మావశ్యకము గాదని మాత్రమే యా పరీక్ష చెప్పెను. ఆకలితో నున్నవానికి రోగము రాదని చెప్పలేదు. జార్ఖండు రాష్ట్రమున 2019లో నారంభమై 2023లో ఫలితములు ప్రకటితమైన పరిశోధన యీ రెండవ ప్రశ్నను తీసికొన్నది. అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ మున్నగువారు రోగుల కందరికిని ఆహారమిచ్చి, సగము గ్రామప్రాంతములలో ఇంటివారికి గూడ తలకు నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమినులు ఇచ్చిరి. పదివేలకు పైగా కుటుంబసభ్యులను గమనింపగా, ఆహారము పొందిన యిండ్లలో క్షయ 39 శాతమును, ఊపిరితిత్తుల క్షయ 48 శాతమును తగ్గెను. పప్పుబియ్యములు చేసిన యీ పని యే టీకాకు తక్కువ?

మన ప్రభుత్వము 2018 నుండి రోగికి చికిత్సాకాలమున నెలకు 500 రూపాయలు పోషణార్థ మిచ్చుచు, 2024 నవంబరునుండి 1000 చేసెను. ఆ సొమ్ము రోగి పేర చేరును. జార్ఖండు పరిశోధకులు మాత్రము బియ్యము, పప్పు ఇంటిలోని తలలను లెక్కించి కొలిచిరి. అందరికి వడ్డించి అడుగున మిగిలినది తిను ఇల్లాలును ఆ లెక్కలో నొక తలయే.