లూపస్ వ్యాధి: చర్మము నుండి మూత్రపిండము వఱకు

ముఖముపై కనిపించు ఎఱ్ఱని మచ్చకును, నడుము వెనుక దాగియున్న మూత్రపిండములకును సంబంధమేమి? దీనిని తెలిసికొనుటకు వైద్యశాస్త్రమునకు నూరేండ్లు పట్టినది.

లాటిన్ భాషలో లూపస్ అనగా తోడేలు. చర్మమును కొఱికినట్లు పుండ్లు చేయు వ్యాధులకు ఐరోపా వైద్యులు మధ్యయుగముననే ఈ పేరు పెట్టిరి. 1851లో పారిస్ వైద్యుడు కజెనావ్ వానిలో నొకదానిని వేఱుచేసి లూపస్ ఎరిథమటోసస్ అనెను. అప్పటికది చర్మవ్యాధి మాత్రమే. 1872లో వియన్నాలో కపోసీ, అది శరీరమంతట వ్యాపించి ప్రాణము తీయగలదని చూపెను. 1895 మొదలు బాల్టిమోరులో ఆస్లర్, ఇట్టి మచ్చలు గల రోగులలో కొందఱికి మూత్రపిండములును చెడుచున్నవని వ్రాసెను. ఆయన చూచిన వారందఱిదియు లూపస్ కాదని తరువాతివారు తేల్చినను, ఆయన చూపిన త్రోవ సరియైనదే.

1935లో న్యూయార్కు నగరమున బేర్, క్లెంపరర్, షిఫ్రిన్ అనువారు ఈ వ్యాధితో మరణించిన 23 మందిని పరీక్షించిరి. 13 మంది మూత్రపిండములలో, రక్తమును వడబోయు సన్నని నాళముల గోడలు దళసరియై, వంచిన తీగవలె బిఱుసెక్కియుండెను. దేహరక్షణకై పుట్టవలసిన ప్రతిరక్షకములు సొంత కణములపైననే తిరుగబడి, అచ్చట పేరుకొనుటయే కారణమని అనంతరము తెలిసినది.

కాని మరణానంతరము తెలిసిన నిజము రోగికేమి మేలు చేయును? 1951లో కోపెన్‌హేగన్ వైద్యులు ఐవర్సెన్, బ్రూన్ జీవించియున్న రోగి మూత్రపిండము నుండి సూదితో చిన్న ముక్కను తీయు పద్ధతిని ప్రకటించిరి. 1957లో చికాగోలో మ్యూర్కీ, కార్క్ ప్రభృతులు దానిని లూపస్ రోగులకు అన్వయించి, హాని అందఱిలోను ఒకే తీరున నుండదని నిరూపించిరి. అప్పటికి స్టెరాయిడ్ ఔషధములు వచ్చియుండెను. అయినను అవి అందఱినీ కాపాడలేదు. అమెరికా రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ 1964లో, 39వ యేట, మూత్రపిండములు చెడి మరణించెను. ఆమె తండ్రియు 1941లో ఈ వ్యాధికే బలియయ్యెను.

1986లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ పరిశోధకులు, స్టెరాయిడ్‌తో సైక్లోఫాస్ఫమైడ్‌ను చేర్చిన మూత్రపిండములు మెఱుగుగా నిలుచునని చూపిరి. అయితే ఆ మందు మూత్రములో వెడలునపుడు మూత్రాశయమును ఒఱసి రక్తస్రావము కలిగింపగలదు. రోగము ఒకచోట, మందు వేఱొకచోట బాధించుట! కావుననే మోతాదును తగ్గించుటకును, క్రొత్త మందులకును కృషి సాగినది. 2020, 2021లలో బెలిముమాబ్, వోక్లోస్పోరిన్ అమెరికాలో ఆమోదము పొందినవి.

ఈ చరిత్రను శ్రోతల ముందుంచుటలో మా యుద్దేశ మొకటే. ఈ వ్యాధి ఎక్కువగా యువతులకు వచ్చును. మూత్రపిండము చెడుచున్నను తొలినాళ్ల నొప్పి యుండదు. మూత్రములో మాంసకృత్తులో రక్తమో ముందుగా కనిపించును. కావున లూపస్ ఉన్నవారు, బాధ లేదుగదా యని ఊరకుండక, వైద్యుడు చెప్పిన గడువున మూత్రపరీక్ష చేయించుకొనవలెను. సూక్ష్మదర్శిని క్రింద ఇన్నేండ్లు వెదకిన జాడ గృహస్థునకు మొదట దొరకునది ఆ చిన్న సీసాలోనే.